వ్యాసానికి నడుము బలం: పిల్లల చేత మధ్య పేరాలు రాయించడం ఎలా?



బడులు తెరిచే జూన్ నెలలో మన సొసైటీ పిల్లలకు నోటుపుస్తకాలు పంచుతుంది, ఫీజులు కడుతుంది. పదో తరగతి పిల్లలకు పరీక్షల ముందు ట్యూషన్ పెట్టిస్తుంది. ఆ డబ్బు మీది. కాబట్టి ఆ నోటుపుస్తకాల్లో పిల్లలు ఏం రాస్తున్నారో తెలుసుకునే హక్కు కూడా మీదే. చాలా ఏళ్లుగా తెలుగు చెబుతున్న ఉపాధ్యాయుడిగా ఆ సంగతే ఈ సంచికలో చెప్పాలనుకున్నాను.

పిల్లలు రాసే వ్యాసాల్లో ఒక లోపం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మొదలు బాగుంటుంది, ముగింపు గంభీరంగా ఉంటుంది, మధ్యలో మాత్రం ఏమీ ఉండదు. మనిషికి తలపాగా ఉంది, కాళ్లకు చెప్పులున్నాయి, నడుము లేదు అన్నట్టు ఉంటుంది. ఆ నడుమును ఎలా నిలబెట్టాలో, అందులో మీరు చేయగలిగిందేమిటో ఈ వ్యాసంలో వివరిస్తాను. ఇది ఉపాధ్యాయులకే సంబంధించిన విషయం అనుకోవద్దు. ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్లవాడో పిల్లో ఉన్న ప్రతివారికీ ఇది పనికొస్తుంది.

మధ్యలో ఎందుకు ఖాళీ?

వ్యాసానికి మూడు భాగాలని బడిలో చెబుతాం. ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు. విషయాన్ని పరిచయం చేసేది మొదటిది, వివరించి నిరూపించేది రెండోది, సారాంశం చెప్పి ముగించేది మూడోది. రాసేవాడి అసలు బలం తెలిసేది రెండో భాగంలోనే.

చిక్కేమిటంటే మొదటి భాగాన్నీ చివరి భాగాన్నీ గైడు చూసి బట్టీ పట్టవచ్చు. "మానవ జీవితంలో ఫలానాది అత్యంత ముఖ్యమైన పాత్ర పోషిస్తుంది" అనే వాక్యంలో ఫలానా దగ్గర నీరు పెట్టినా, చెట్లు పెట్టినా, గ్రంథాలయం పెట్టినా సరిపోతుంది. "కావున మనమందరం కలిసి కృషి చేయాలి" అనే ముగింపు దేనికైనా అతుకుతుంది. మధ్య భాగం అలా కాదు. అక్కడ అడిగిన విషయం గురించే మాట్లాడాలి. బట్టీ పట్టిన వ్యాసం పరీక్షలో రాకపోతే పిల్లవాడి దగ్గర మిగిలేది ఆ మొదటి వాక్యం, ఆ చివరి వాక్యం మాత్రమే. మధ్యలో అదే మాటను నాలుగు రకాలుగా తిప్పి రాసి పేజీ నింపుతాడు.

ఒక నమూనా చూడండి. గ్రంథాలయాల మీద వ్యాసంలో మధ్య పేరా సాధారణంగా ఇలా ఉంటుంది:

"గ్రంథాలయాలు చాలా గొప్పవి. గ్రంథాలయాల వల్ల చాలా ఉపయోగాలు ఉన్నాయి. అందరూ గ్రంథాలయాలకు వెళ్లాలి. గ్రంథాలయాలలో అనేక పుస్తకాలు ఉంటాయి. పుస్తకాలు చదివితే జ్ఞానం వస్తుంది. కాబట్టి గ్రంథాలయాలు చాలా ముఖ్యమైనవి."

ఆరు వాక్యాలు. అక్షరదోషం ఒక్కటి లేదు. అయినా ఇందులో చెప్పింది ఒకే మాట, దానికి కారణం లేదు, ఆధారం లేదు. దిద్దేవారికి ఇలాంటి పేరాలు ఒకే రోజు వందల్లో కనిపిస్తాయి. ఏ పిల్లవాడు ఏది రాశాడో కూడా గుర్తుండదు.

దీని వల్ల నష్టం ఎంత?

వ్యాసానికి ఉన్న కాసిని మార్కుల కోసం ఇంత చర్చ అవసరమా అని కొందరికి అనిపించవచ్చు. కానీ ఈ లోపం పదో తరగతితో ఆగదు. పై చదువులకు స్కాలర్‌షిప్ అడిగేటప్పుడు చాలా చోట్ల "మీరు ఈ కోర్సు ఎందుకు ఎంచుకున్నారు?" అని పేజీడు రాయమంటారు. "నాకు చిన్నప్పటి నుండి ఇష్టం" అన్న ఒక్క వాక్యం దగ్గరే మన పిల్లలు ఆగిపోతారు. చెప్పుకోవడానికి వాళ్ల దగ్గర ఏమీ లేక కాదు. తండ్రి మెకానిక్ షాపులో సెలవులన్నీ గడిపినవాడికి మెకానికల్ ఇంజనీరింగ్ ఎందుకో చెప్పడానికి ఎంత ఉంటుంది! ఆ ఉన్నదాన్ని పేరాగా పేర్చడం రాదు, అంతే.

ఇంకా పైకి వెళితే తెలుగు రాష్ట్రాల గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే అని ఒక పేపరు పూర్తిగా వ్యాసాలదే. సివిల్ సర్వీసెస్ మెయిన్స్‌లో వ్యాసం పేపరుకు 250 మార్కులు. రెండు వ్యాసాలు రాయాలి, తెలుగులోనూ రాయవచ్చు, ఉర్దూలోనూ రాయవచ్చు. మన పిల్లలు కలెక్టర్లు కావాలని సభల్లో కోరుకుంటాం. ఆ దారిలో ఒక మెట్టు తొమ్మిదో తరగతి నోటుపుస్తకంలోనే ఉంది.

పరీక్షల సంగతి పక్కన పెట్టినా, రేషన్ కార్డులో పేరు తప్పు పడితే అర్జీ రాయాలి. వీధిలో నీళ్లు రాకపోతే మున్సిపల్ ఆఫీసుకు వినతిపత్రం ఇవ్వాలి. ఏం కావాలో, ఎందుకు కావాలో, దానికి రుజువేమిటో వరుసగా చెప్పగలిగినవాడి కాగితం ముందుకు కదులుతుంది. వ్యాసంలోని మధ్య పేరా నేర్పేది సరిగ్గా ఈ వరుసనే.

పేరా చేయవలసిన నాలుగు పనులు

పిల్లలకు నేను నాలుగు మాటల్లో చెబుతాను: మాట, కారణం, ఆధారం, ముడి.

మొదటిది మాట. ఈ పేరాలో ఏం చెప్పబోతున్నానో మొదటి వాక్యంలోనే తేల్చాలి. అది ఒక్కటే విషయం కావాలి. "గ్రంథాలయాలు గొప్పవి" అనేది చాలా పెద్ద మాట, పట్టుకోవడానికి కొస దొరకదు. "పుస్తకం కొనలేనివాడికి గ్రంథాలయమే పుస్తకాల అలమర" అనేది చిన్న మాట. దీని గురించి అయిదారు వాక్యాలు రాయవచ్చు.

రెండోది కారణం. చెప్పిన మాట ఎందుకు నిజమో వివరించాలి. చదివేవాడు "ఎందుకు?" అని అడిగినట్టు ఊహించుకుని జవాబు రాయాలి.

మూడోది ఆధారం. ఒక సంఘటన, ఒక మనిషి, ఒక ఊరు, ఒక సంవత్సరం, లేదా కళ్లారా చూసిన విషయం. కారణం బుద్ధికి నచ్చితే, ఆధారం నమ్మకం కలిగిస్తుంది.

నాలుగోది ముడి. చెప్పిన ఆధారం మొదటి మాటను ఎలా బలపరుస్తోందో ఒక వాక్యంలో చెప్పాలి. ఈ ముడి వేయడం చాలామంది మర్చిపోతారు. ఉదాహరణ చెప్పేసి వదిలేస్తారు. దండలో పూలన్నీ గుచ్చి చివర ముడి వేయకపోతే ఏమవుతుందో మనకు తెలుసు.

ఇప్పుడు అదే గ్రంథాలయాల పేరాను ఈ నాలుగింటితో రాసి చూద్దాం:

"పుస్తకం కొనలేనివాడికి గ్రంథాలయమే పుస్తకాల అలమర. పేద ఇంట్లో తిండికి, బట్టకు పోగా పుస్తకానికి డబ్బు మిగలదు. అలాంటి ఇంటి పిల్లవాడు చదవాలంటే పుస్తకమే అతని దగ్గరికి రావాలి. 1935లో పాతూరి నాగభూషణం గారు సరిగ్గా ఈ పనే చేశారు. కృష్ణా డెల్టాలో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఒడ్డునున్న పల్లెలకు చేర్చారు. పట్నం వెళ్లలేని రైతుకూ కూలికీ ఆ పడవ వల్ల పుస్తకం చేతికందింది. గ్రంథాలయం ఉంటే చదువు డబ్బున్నవారి సొత్తుగా మిగిలిపోదని ఆ పడవ చూపించింది."

మొదటి వాక్యం మాట. తర్వాతి రెండూ కారణం. పడవ సంగతి ఆధారం. చివరి వాక్యం ముడి. ఇందులో కష్టమైన పదం ఒక్కటీ లేదు. తొమ్మిదో తరగతి పిల్లలు రాయగల తెలుగే ఇది. ముందు చూసిన పేరాకు దీనికి తేడా భాషలో లేదు, పేరా చేసిన పనిలో ఉంది.

ఒకటే ఆధారం, ఎన్నో విషయాలు

"సార్, మాకు ఇలాంటి ఉదాహరణలు ఎక్కడ దొరుకుతాయి?" అని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు ఏమిటంటే, అవి వాళ్ల సంచీలోనే ఉన్నాయి. సాంఘికశాస్త్రం పుస్తకంలో చదివిన విషయం తెలుగు వ్యాసంలో వాడుకోవచ్చని చాలామందికి తోచదు. ఒక సబ్జెక్టుకు, ఇంకో సబ్జెక్టుకు మధ్య గోడ ఉందనుకుంటారు.

ఉదాహరణకు మూసీ వరద తీసుకుందాం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తింది. వేలమంది చనిపోయారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి సలహా తీసుకున్నారు. ఎగువన రెండు జలాశయాలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అవి వరదను ఆపడానికే కాక నగరానికి తాగునీరు ఇవ్వడానికీ పనికొచ్చాయి.

ఈ ఒక్క విషయం తెలిసిన పిల్లవాడు దీన్ని ఎన్ని చోట్ల వాడవచ్చో చూడండి. "ప్రకృతి వైపరీత్యాలు" అని అడిగితే, వరద వచ్చాక ఏడవడం కన్నా ముందుచూపుతో కట్టుకోవడం మేలు అనే పేరాకు ఇది ఆధారం. "నీటి వనరుల సంరక్షణ" అని అడిగితే, ప్రాణం తీసిన నీటినే పట్టి నిలిపితే దాహం తీరుస్తుంది అనే పేరాకు ఇదే ఆధారం. "ఇంజనీర్ల సేవ" అని అడిగినా పనికొస్తుంది. మారేది మొదటి మాట, చివరి ముడి. మధ్యలో ఆధారం అదే. ఇలాంటివి పది విషయాలు బాగా తెలిసి ఉంటే, ఏ వ్యాసం వచ్చినా పిల్లవాడు భయపడనక్కర్లేదు. పది వ్యాసాలు బట్టీ పట్టడం కన్నా పది విషయాలు తెలుసుకోవడం తేలిక కూడా.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పిల్లలు పేరాకు బరువు రావాలని లెక్కలు కల్పిస్తారు. "మన దేశంలో 80 శాతం మంది" అని మొదలుపెడతారు. ఆ 80 ఎక్కడిది అంటే జవాబు ఉండదు. తెలియని అంకె వేయవద్దు, తెలిసిన సంగతి రాయమని గట్టిగా చెప్పాలి. అమానతుగా ఇచ్చిన డబ్బును లెక్క తప్పకుండా చూసుకునే మన సమాజంలో, మాటను కూడా అలాగే లెక్క తప్పకుండా వాడడం పిల్లలకు నేర్పాలి. అంకె గుర్తు లేకపోతే "మా వీధిలో" అని మొదలుపెట్టి చూసినదే రాయవచ్చు. అది చిన్న ఆధారమే, కానీ నిజమైన ఆధారం.

ఇల్లు కూడా ఒక పుస్తకమే

మన పిల్లలు తమ ఇంటి సంగతులు వ్యాసంలో రాయడానికి సిగ్గుపడతారు. వ్యాసమంటే గాంధీజీ గురించో హిమాలయాల గురించో రాయాలనుకుంటారు. కానీ ఇంటి అనుభవానికి ఉన్న బలం వేరు. "ధరల పెరుగుదల" గురించి రాయాలంటే, బిర్యానీ బండి నడిపే తండ్రి గ్యాసు, నూనె, బియ్యం ఖర్చు ఎలా సర్దుకుంటున్నాడో ఆ పిల్లకు తెలిసినంతగా గైడు రాసినవారికి తెలియదు. "చేతివృత్తులు" గురించి రాయాలంటే దూదేకులవారి ఇంటి పిల్లవాడు, పరుపులు కుట్టే తాత చేతుల గురించి ఒక పేరా రాయగలడు. "వలసలు" అంటే గల్ఫ్‌లో పనిచేసే మామూ ఫోను చేసే శుక్రవారం గురించి రాయవచ్చు.

ఇవి కన్నీళ్లు పెట్టించడానికి రాయకూడదు. నాలుగు పనుల వరుస ఇక్కడా వర్తిస్తుంది. మామూ ఫోను ఆధారం మాత్రమే. దాని ముందు ఒక మాట ఉండాలి: "వలస డబ్బు తెస్తుంది, కానీ పిల్లల పెంపకం భారమంతా ఇంట్లో మిగిలినవారి మీద పడుతుంది." దాని వెనక ముడి ఉండాలి. అప్పుడే అది వ్యాసంలో పేరా అవుతుంది, లేకపోతే ఉత్తరం అవుతుంది.

పుస్తకంలో చదివినదానికీ ఇంట్లో చూసినదానికీ ముడి వేయగలిగితే పేరా ఇంకా బలపడుతుంది. ఆడపిల్లల చదువు మీద ఒక పేరా చూడండి:

"ఆడపిల్లకు బడి కట్టడంతో పని అయిపోదు, బడికి చేరే దారి కూడా చూపాలి. దారి క్షేమంగా లేదనిపిస్తే తల్లిదండ్రులు చదువు మాన్పించడానికే మొగ్గు చూపుతారు. బేగం రొకేయా ఈ సంగతి ముందే గ్రహించారు. 1911లో ఆమె కలకత్తాలో 8 మంది ఆడపిల్లలతో బడి నడపడం మొదలుపెట్టారు. ఇంటింటికీ వెళ్లి తల్లిదండ్రులను ఒప్పించారు, పరదా ఉన్న బండి ఏర్పాటు చేసి పిల్లలను తీసుకువచ్చారు. మా వీధిలో కూడా హైస్కూలు దూరమని ఏడో తరగతితో ఆగిపోయిన అక్కలు ఉన్నారు. ఆ బండి లాంటిది ఒకటి ఇక్కడ ఉంటే వాళ్లు ఇప్పుడు ఇంటర్ చదువుతూ ఉండేవారు."

రొకేయా గారి బడి కలకత్తాలో ఇప్పటికీ నడుస్తోంది. ఈ పేరాలో వందేళ్ల నాటి కలకత్తా, ఈనాటి మన వీధి ఒకే మాటకు సాక్ష్యం చెబుతున్నాయి. ఇలా రాసిన పిల్ల కేవలం మార్కులు తెచ్చుకోదు, తన చుట్టూ ఉన్నదాని గురించి ఆలోచించడం కూడా మొదలుపెడుతుంది.

ఉర్దూ మాట్లాడే ఇంటి పిల్లలకు ఒక చేయూత

మన పిల్లల్లో చాలామంది ఇంట్లో ఉర్దూ, అంటే మన దక్కనీ మాట్లాడతారు. బడిలో తెలుగు రాస్తారు. అందుకే తెలుగు వ్యాసంలో వెనకబడుతున్నారని తల్లిదండ్రులు దిగులుపడతారు. నా అనుభవంలో ఇది అడ్డంకి కన్నా ఎక్కువగా ఒక నిచ్చెన.

మన దక్కనీ శతాబ్దాలుగా తెలుగుతో కలిసి పెరిగిన భాష. "వస్తానని చెప్పాడు" అనడానికి మన ఇళ్లలో "ఆతూఁ బోల్కే బోలా" అంటారు. తెలుగులో "అని" ఎక్కడ కూర్చుంటుందో, దక్కనీలో "బోల్కే" అక్కడే కూర్చుంటుంది. అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. తెలుగులో "ఎందుకంటే" అంటాం. దాన్ని విడదీస్తే "ఎందుకు అంటే". మన దాదీలు, నానీలు రోజూ అనే "కైకు బోలేతో" కూడా అక్షరాలా అదే. కైకు అంటే ఎందుకు, బోలేతో అంటే "అంటే". పేరాకు ప్రాణమైన కారణం చెప్పే వాక్యం మన పిల్లల నోటిలో ముందే ఉందన్నమాట.

అందుకే పిల్లవాడు పేరా దగ్గర ఆగిపోతే, ముందు ఇంటి భాషలోనే చెప్పించండి. "పానీ బచానా" అంటాడు. "కైకు?" అని అడగండి. "కైకు బోలేతో గర్మియోఁ మే బోర్ సూఖ్ జాతా" అంటాడు. ఎవరి బోరు ఎండింది, ఎప్పుడు, అప్పుడు నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చారు అని అడగండి. రెండు నిమిషాల్లో ఒక పేరాకు కావలసిన సరుకంతా బయటికి వస్తుంది. తర్వాత అదే వరుసలో తెలుగులో రాయమనండి: "నీటిని పొదుపుగా వాడాలి. ఎందుకంటే ఎండాకాలంలో మా వీధిలో బోర్లు ఎండిపోతాయి..." రాయడానికి ముందు మాట్లాడినవాడు ఖాళీ కాగితం చూసి బెదరడు.

అక్షరదోషాలు తర్వాత దిద్దవచ్చు. ళ బదులు ల, ణ బదులు న రాయడం తెలుగు ఇళ్ల పిల్లలూ చేస్తారు. ముందే ఎర్ర సిరాతో గీతలు గీస్తే పిల్లవాడు తనకు వచ్చిన పదాలే రాసి చేతులు దులుపుకుంటాడు. అలా మళ్లీ "చాలా గొప్పవి, చాలా ముఖ్యమైనవి" దగ్గరికే చేరుకుంటాం.

పేరాల వరుస

ఒక్కో పేరా బలంగా ఉన్నా, వాటి మధ్య వరుస లేకపోతే వ్యాసం నిలవదు. మూడు మధ్య పేరాలు రాసే వ్యాసంలో తేలికగా తెలిసే విషయం ముందు, బలమైన విషయం చివర పెట్టడం మంచి పద్ధతి. చదివేవారి మనసులో చివరిది ఎక్కువసేపు ఉంటుంది. ఒక పేరా నుంచి ఇంకో పేరాకు వెళ్లేటప్పుడు దారి చూపే మాట ఉండాలి. "ఇది ఇంటి సంగతి. ఊరి సంగతి చూస్తే..." అంటే చాలు. "అంతేకాకుండా" అని ప్రతిసారీ మొదలుపెట్టడం కన్నా ఇది మేలు.

వ్యాసం పూర్తయ్యాక ఒక చిన్న పరీక్ష పెట్టవచ్చు. మధ్య పేరాల మొదటి వాక్యాలు మాత్రమే వరుసగా చదవాలి. అవి మూడూ వేరు వేరు మాటలు చెబుతూ, అడిగిన విషయానికే జవాబు ఇస్తుంటే వ్యాసం సరిగా ఉన్నట్టు. మూడూ ఒకే మాట చెబుతుంటే రెండు పేరాలు దండగ. ఈ పరీక్షకు ఒక్క నిమిషం చాలు. పరీక్ష హాలులో కూడా, రాయడానికి ముందు జవాబుపత్రం చివరి పేజీలో ఈ మూడు వాక్యాలు చిత్తుగా రాసుకోవచ్చు. ఆ నిమిషం వృథా కాదు, తర్వాత పదిహేను నిమిషాల తడబాటును తగ్గిస్తుంది.

మీరు చేయగలిగింది

నోటుపుస్తకం డబ్బుతో వస్తుంది. అందులో రాసే పేరాకు వినే మనిషి కావాలి. బాగా చదివే ఇళ్లలో భోజనాల దగ్గర తల్లిదండ్రులు "ఎందుకలా అన్నావు?" అని పిల్లలను అడుగుతుంటారు. అదే వాళ్లకు మొదటి ట్యూషన్. మన సహాయం అందుకునే ఇళ్లలో తండ్రి రాత్రి పదింటికి పని నుంచి వస్తాడు, తల్లి రెండిళ్ల పని చేసి అలసిపోతుంది. ఆ పిల్లవాడిని "కైకు?" అని అడిగేవారు లేరు. ఆ లోటు మీరు తీర్చవచ్చు. దానికి బి.ఇడి. అవసరం లేదు, తెలుగు పండితులు కానక్కర్లేదు.

సొసైటీ ట్యూషన్ జరిగేచోట వారానికి ఒక్కరోజు అరగంట కూర్చోండి. ఒక పిల్లవాడి చేత ఒక పేరా గట్టిగా చదివించుకోండి. మూడు ప్రశ్నలు అడగండి: ఇందులో నువ్వు చెప్పే ఒక్క మాట ఏమిటి? అది ఎందుకు నిజం? నీకెలా తెలుసు? జవాబు చెప్పినప్పుడు "అదే రాయి" అనండి. మీరు దుకాణం నడిపేవారైతే సరుకుల ధరల గురించి, డ్రైవరైతే రోడ్ల గురించి, రిటైరైన ఉద్యోగి అయితే ఆఫీసు అర్జీల గురించి మీకు తెలిసినవి చెప్పండి. వాళ్ల పేరాలకు అవి ఆధారాలవుతాయి.

ట్యూషన్ సెంటరుకు ఒక తెలుగు దినపత్రిక, ఒక ఉర్దూ పత్రిక, ఒక మంచి తెలుగు నిఘంటువు ఏర్పాటు చేయించండి. రోజూ పేపర్లోని ఒక వార్త చదివి, దానిని ఏ వ్యాసంలో వాడవచ్చో పిల్లలు ఒక్క వాక్యం రాసుకుంటే, ఏడాది చివరికి వాళ్ల దగ్గర రెండు వందలకు పైగా ఆధారాలుంటాయి. గైడు పుస్తకాలు పంచే బదులు ఈ పని చేద్దామని సొసైటీ కమిటీని నేను కోరుతున్నాను. స్కాలర్‌షిప్‌కు ఎంపికయ్యే పిల్లల చేత దరఖాస్తుతో పాటు ఒక్క పేరా రాయించి, మార్కులు వేయకుండా వాళ్లతో కూర్చుని మాట్లాడితే ఇంకా మంచిది. పేరా బాగాలేదని ఎవరి సాయమూ ఆపకూడదు. ఎవరికి ఏ తోడ్పాటు కావాలో తెలుసుకోవడానికే అది.

ఈ ఏడాది నోటుపుస్తకాలు పంచే రోజున ఒక పుస్తకం తెరిచి, మొదటి పేజీలో ఏదైనా ఒక మాట రాయమని పిల్లవాడిని అడగండి. తర్వాత "ఎందుకు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఓపికగా నిలబడండి. అల్లాహ్ మీ దానాన్నీ మీ సమయాన్నీ స్వీకరించుగాక.